హాలుకు ఒక్క పెద్ద వస్తువు

కొత్త ఫ్లాటులో వుడ్‌వర్క్ ముగిసి, వంటగది అల్మారాలు బిగించి, ఫాల్స్ సీలింగ్‌లో లైట్లు వెలిగాక ఇంటివాళ్లు ఒక చిత్రమైన స్థితిలో పడతారు. అనుకున్న డబ్బు చాలావరకు అయిపోయి ఉంటుంది, ఇల్లు మాత్రం ఇంకా తమదనిపించదు. మాట్లాడితే గది మారుమోగుతుంది. ఇంతలో గృహప్రవేశం ముహూర్తం తరుముకొస్తుంది. చుట్టాలొచ్చేసరికి హాలు బోసిగా కనిపించకూడదని సోఫా సెట్టు, సెంటర్ టేబులు, కర్టెన్లు, గోడకు నాలుగు ఫ్రేములు, మూలకో పెద్ద పూలకూజా ఒకే వారంలో కొనేస్తారు. ఇంటికి కళ తెచ్చేది ఈ ఆఖరి విడతే. దీనికి దక్కుతున్నది మాత్రం మిగిలిన డబ్బు, మిగిలిన ఓపిక.

ఈ విడత గురించి ప్రధానంగా మూడు రకాల సలహాలు వినిపిస్తాయి. గదిలో అడుగుపెట్టగానే కన్ను ఆగేలా ఒక ‘స్టేట్‌మెంట్ పీస్’ పెట్టి, మిగతావన్నీ దానికి జతగా అమర్చుకోమని ఇంటీరియర్ డిజైనర్లు అంటారు. వస్తువులు తగ్గించుకుంటే ఖాళీయే అందమవుతుందని మినిమలిజం మెచ్చేవాళ్లు అంటారు. ఊరూరి పనితనాన్ని ఇంట్లోకి తెచ్చుకోమని హస్తకళల ప్రేమికులు అంటారు. మూడింటిలోనూ పస ఉంది, విడివిడిగా తీసుకుంటే మూడింటికీ లోటుంది. నా అభిప్రాయం ఇది: హాలుకు పెద్ద వస్తువు ఒక్కటి చాలు, అది రోజూ వాడుకునేదై ఉండాలి. చిన్న వస్తువులు కాలాన్ని బట్టి బయటికొచ్చి మళ్లీ లోపలికి పోవాలి. ముహూర్తం నాటికి ఇదంతా పూర్తికావలసిన పని లేదు.

ఇది మనకు కొత్తేమీ కాదు. గోదావరి జిల్లాల మండువా లోగిళ్లలో గానీ తెలంగాణ భవంతుల్లో గానీ గదిని నింపాలన్న తాపత్రయం కనిపించేది కాదు. ఉయ్యాల బల్ల, పడక కుర్చీ, పందిరి మంచం, భోషాణం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ గదికి అదే పెద్దదిక్కు. భోషాణం పట్టుచీరల్నీ దస్తావేజుల్నీ ఇత్తడి సామాన్నీ దాచేది. మూత దించితే దానిమీద ఒక మనిషి హాయిగా పడుకోవచ్చు. గోడల మీద పెద్దల ఫొటోలు, 1894లో బొంబాయిలో మొదలైన రవివర్మ ప్రెస్సు పుణ్యమా అని ఇంటింటికీ చేరిన దేవుళ్ల పటాలు ఉండేవి. అంతకుమించి గోడలకు అలంకారం లేదు.

మరి బొమ్మలు? అవి అటక మీద ట్రంకు పెట్టెలో ఉండేవి. సంక్రాంతికి, కొన్ని ఇళ్లలో దసరాకి, కొలువుకని దిగేవి. మెట్లు కట్టి, తెల్లగుడ్డ పరిచి, ఏ మెట్టు మీద ఎవరు కూర్చోవాలో ఇంట్లో ఆడవాళ్లూ పిల్లలూ కలిసి తేల్చేవారు. పేరంటం అయ్యాక ఒక్కొక్క బొమ్మనూ పాత గుడ్డలో చుట్టి మళ్లీ పెట్టెలో పెట్టేవారు. ఏడాదిలో కొద్ది రోజులే కనిపించేది కాబట్టి ఆ బొమ్మ ముక్కూ మొహం అందరికీ గుర్తుండేది. జపాను ఇళ్లలో తొకొనొమా అనే గూటిలో ఒక చిత్రపటం, ఒక పూల అమరిక మాత్రమే ఉంచి ఋతువుతో పాటు మారుస్తారు. ఆ పద్ధతిని డిజైన్ పుస్తకాలు ఎంతో మెచ్చుకుంటాయి. మన కొలువు కూడా అదే తరహా బుద్ధిని ఇంకా ఎక్కువ సందడితో నేర్పింది. దాని గురించి ఇంటీరియర్ చర్చల్లో ఎవరూ ఎత్తకపోవడం నాకు బాధగా ఉంటుంది.

తర్వాత షోకేసుల కాలం వచ్చింది. ఉద్యోగాల ఇళ్లలో, కాలనీ ఇళ్లలో హాలు గోడకు అద్దాల బీరువా ఒకటి వెలిసింది. అందులో కొండపల్లి అంబారీ ఏనుగు, తాజ్‌మహల్ నమూనా, అబ్బాయి గెలిచిన కప్పు, ఎవరో విదేశాల నుంచి తెచ్చిన బొమ్మ. ఇప్పటి డిజైనర్లు దాన్ని చిందరవందర అంటారు గానీ ఆ షోకేసులో కథ లేని వస్తువు ఒక్కటీ ఉండేది కాదు. దాని లోపం వేరు. కొలువుకు దిగి మళ్లీ పెట్టెలోకి పోయే బొమ్మను అది ఏడాది పొడుగునా అద్దం వెనక నిలబెట్టేసింది. దుమ్ము పట్టింది, చూపు దానిమీద ఆగడం మానేసింది. చివరికి టీవీ వచ్చి ఆ గోడనే తీసేసుకుంది.

ఇప్పుడు నడుస్తున్నది ప్యాకేజీల కాలం. త్రీ బెడ్‌రూమ్ ఫ్లాటుకు ఇంత అని ఒక ధర చెప్పి, టీవీ యూనిట్ నుంచి కుషన్ కవర్ల దాకా ఒకే చేతి మీదుగా ముగించేస్తారు. ఐకియా 2018 ఆగస్టులో మన దేశంలో తొలి దుకాణాన్ని హైదరాబాదులోనే తెరిచింది. గది గదినీ పూర్తిగా అమర్చి చూపించే పద్ధతి అప్పటి నుంచి ఇక్కడ బాగా అలవాటైంది. ఇందులో మేలు లేకపోలేదు. కొలతలు కుదురుతాయి, రంగులు గొడవపడవు, ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో వడ్రంగి చుట్టూ తిరిగే తిప్పలు తప్పుతాయి.

ప్యాకేజీతో వచ్చే చిక్కును వియన్నా ఆర్కిటెక్ట్ అడాల్ఫ్ లూస్ 1900లోనే ఒక చిన్న కథలో పట్టుకున్నాడు. ఒక ధనవంతుడు తన ఇంటిని పూర్తిగా ఒక ఆర్కిటెక్టు చేతిలో పెడతాడు. ఏ వస్తువు ఎక్కడుండాలో ఆయనే నిర్ణయిస్తాడు. ఇంటాయన వేసుకునే చెప్పులు కూడా ఆయన గీసినవే, వాటినీ ఫలానా గదిలోనే తొడగాలి. పుట్టినరోజుకు భార్యాపిల్లలు ప్రేమగా కానుకలు తెస్తే ఆర్కిటెక్టు కోప్పడతాడు. ఇల్లు పూర్తయిపోయింది, ఇక కొత్త వస్తువుకు చోటు లేదు. అప్పటిదాకా సంతోషంగా ఉన్న మనిషికి తన బతుకులో ఇక కోరుకోవడానికి ఏమీ మిగల్లేదని ఆ రోజు అర్థమవుతుంది. నూట పాతికేళ్ల కిందటి కథ. అమ్మాయి సంగీతం పోటీలో గెలిచిన చిన్న బొబ్బిలి వీణ నమూనాకు టీవీ యూనిట్‌లో చోటు దొరకని ఇళ్లు మన నగరాల్లో ఎన్నో ఉన్నాయి.

ఇక ఆ ఒక్క పెద్ద వస్తువు ఏదన్నది. ఇక్కడ నిదానంగా ఆలోచించాలి.

మొదటి పరీక్ష వాడుక. 1958లో డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో మన చెంబును ఆకాశానికెత్తారు. పట్టుకునే చెయ్యి, నడుము మీద మోయడం, వంచి పోయడం, తోమడం, బరువు, ధర ఇవన్నీ తరతరాలుగా కలిసి దానికా రూపాన్ని ఇచ్చాయని వాళ్ల వివరణ. ఆ నివేదిక పర్యవసానంగానే 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. చెంబుకు వర్తించినది కుర్చీకీ వర్తిస్తుంది. చండీగఢ్ కార్యాలయాల కోసం ఆర్కిటెక్ట్ పియెర్ జానరే బృందం టేకు, పేము కలిపి చేయించిన కుర్చీలు మామూలు గుమాస్తాలు రోజూ కూర్చున్నవి. ఇప్పుడవి ప్రపంచ వేలంపాటల్లో పెద్ద ధర పలుకుతున్నాయి. వాటికి ఆ రూపమిచ్చింది వాడుకే, వేలంపాట కాదు. కూర్చోవడానికి భయపడే కుర్చీ ఎంత ఖరీదైనా హాలుకు పెద్దదిక్కు కాలేదు.

మన ఇళ్లకు నేను మొదట సూచించేది ఉయ్యాల బల్లనే. ఐదారు అడుగుల పొడవు, నేల నుంచి అడుగున్నర ఎత్తు, టేకు పలక, ఇత్తడి గొలుసులు. పిల్లలకు ఆట, పెద్దలకు మధ్యాహ్నం కునుకు, ఇద్దరు కూర్చుని కూరగాయలు తరుక్కునే చోటు. ఇల్లంతా దాని చుట్టూ తిరుగుతుంది. కానీ దాన్ని చివర్లో గుర్తు చేసుకుంటే కుదరదు. కొక్కేలు శ్లాబు పోసేటప్పుడే కడ్డీలకు కట్టి వదలాలి. అది జరగకపోతే ఇంజినీరుకు చూపించి శ్లాబులోకి యాంకర్ బోల్టులు దింపించాలి. ఫాల్స్ సీలింగ్ జిప్సం బోర్డుకు బరువు మోసే శక్తి లేదు. బల్లకు ముందూ వెనకా మూడేసి అడుగుల ఖాళీ ఉండాలి. అంత చోటు లేని హాలులో ఊగని ఉయ్యాల పెట్టడం కంటే మంచి పడక కుర్చీ ఒకటి వేసుకోవడం మేలు.

భోషాణం దొరికితే అదృష్టం. ఊళ్లో పాత ఇల్లు పడగొట్టేటప్పుడు చాలా కుటుంబాలు దాన్ని కట్టెల ధరకు వదిలేస్తున్నాయి. తర్వాత అలాంటిదాన్నే కారైక్కుడి పాతసామాన్ల బజారులో కొని తెచ్చుకుంటున్నాయి. ముందు సొంత ఊరి అటకలు వెతకండి. దొరికినదానికి మెరిసే పాలిష్ పెట్టించొద్దు. చెద ఉంటే మందు వేయించి, సబ్బు నీళ్లు తడిపిన గుడ్డతో తుడిచి, నూనె పాలిష్ పట్టిస్తే చాలు. మూతకు తొంభై ఏళ్లుగా పట్టిన చేతి మెరుపు ఏ దుకాణంలోనూ దొరకదు. ఇది కుదరని వాళ్లకు ఎనిమిది మంది కూర్చోగల భోజనాల బల్ల మంచి ఎంపిక. అన్నం, హోంవర్కు, ఆఫీసు పని, అన్నీ దానిమీదే నడుస్తాయి. ఫలక్‌నుమా ప్యాలెస్‌లో 101 మంది ఒకేసారి కూర్చునే బల్ల ఉంది. ఆ మందిరం మొత్తానికీ చూపు పోయేది ఆ బల్ల మీదికే. చిన్న ఫ్లాటులోనూ అదే సూత్రం పనిచేస్తుంది. ఒక్కటి పెద్దదిగా ఉండి, చుట్టూ ఖాళీ ఉండాలి.

రెండో పరీక్ష చోటు. కొనేముందు ఆ వస్తువు కొలతకు న్యూస్‌పేపర్లు నేల మీద పరిచి రెండు రోజులు వాటి పక్కనుంచి నడిచి చూడాలి. నడక దారికి మూడడుగులు, సోఫాకు టీపాయ్‌కు మధ్య అడుగున్నర లోపు ఉంటే ఇబ్బంది రాదు. లిఫ్టు తలుపు, మెట్ల మలుపు కూడా కొలుచుకోవాలి. ఏడడుగుల సోఫా అపార్ట్‌మెంటు కిందే ఆగిపోయే సందర్భాలు తక్కువేమీ కావు. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో తేమకు పార్టికల్ బోర్డు ఉబ్బిపోతుంది. అక్కడ టేకు, లేదంటే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ అడగాలి. వాస్తు సంగతి రెండు మాటల్లో చెప్పుకోవచ్చు. నైరుతిలో బరువు, ఈశాన్యంలో ఖాళీ అన్న నియమం పాటించే ఇళ్లలో కనీసం ఒక మూలైనా నిండిపోకుండా మిగులుతోంది, అది మంచిదే.

పెద్ద వస్తువు కుదిరాక రావలసింది వెలుతురు. అలంకారానికి లక్షలు పోసి వెలుతురును ఎలక్ట్రీషియన్ ఇష్టానికి వదిలేయడం మన ఇళ్లలో పెద్ద పొరపాటు. 6500 కెల్విన్ తెల్ల లైట్ల కింద టేకు బూడిద రంగు తేలుతుంది, మనుషుల ముఖాలు పాలిపోతాయి. సాయంత్రాలు హాలులో 2700 నుంచి 3000 కెల్విన్ పసుపు కాంతి చాలు. పైకప్పు లైట్లన్నీ ఒకేసారి వేసుకోవడం కంటే నిలబెట్టే దీపం ఒకటి, బల్ల దీపం ఒకటి ఉంటే గదికి లోతు వస్తుంది.

ఆ దీపం నిమ్మలకుంటది అయితే ఇంకా మంచిది. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి ఈ ఊళ్లో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఇప్పుడు లాంతర్లు, ల్యాంపుషేడ్లు కూడా చేస్తున్నాయి. మేకతోలును శుభ్రం చేసి, బిగించి ఆరబెడితే వెలుగు దూరేంత పలచనవుతుంది. దానిమీద నల్లగీతలు గీసి, రంగులద్ది, నగల చోటా వస్త్రాల అంచుల చోటా చిన్న ఉలులతో చిల్లులు కొడతారు. దీపం ఆర్పి ఉన్నప్పుడు అది మామూలు గోధుమరంగు గొట్టం. స్విచ్చి వేయగానే ఎరుపూ ఆకుపచ్చా లోపలి నుంచి పొంగుతాయి, సీత మెడలో హారం చుక్కలు చుక్కలుగా గోడమీద పడుతుంది. పాతకాలపు బల్బు వేడికి తోలు ముడుచుకుపోతుంది, ఎల్‌ఈడీ మాత్రమే వాడాలి. ఈ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

నేలకు రగ్గు కావాలి. గది మారుమోగడాన్ని అది బాగా తగ్గిస్తుంది. సోఫా ముందు కాళ్లయినా దానిమీద ఉండేంత పెద్దది తీసుకోవాలి. గది మధ్యలో ఒంటరిగా పడున్న చిన్న రగ్గు గదిని ఇంకా చిన్నది చేస్తుంది. వరంగల్ కొత్తవాడ జంపఖానాలు మన వేడికి సరిగ్గా సరిపోతాయి. నూలుతో నేసినవి, ఉతుక్కోవచ్చు, రెండు వైపులా వాడుకోవచ్చు. 2018లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఏలూరు ఉన్ని తివాచీలు పడకగదికి బాగుంటాయి.

చిన్న వస్తువుల దగ్గరికి వద్దాం. ఇక్కడ మన రెండు రాష్ట్రాల సంపద చాలా ఎక్కువ, అదే ప్రమాదం కూడా. కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్, చేర్యాల, పెంబర్తి, కలంకారీ అన్నీ ఒకే గదిలో పెడితే అది ఇల్లు కాదు, ఎంపోరియం. ఒక గదికి ఒకటి, మహా అయితే రెండు చాలు. మిగతావి పెట్టెలో ఉంచి మార్చుకోవచ్చు. ఉగాదికి ఒకటి, దసరాకి ఒకటి, వానాకాలానికి ఇంకొకటి. పెట్టె తెరిచే పని పిల్లలకు అప్పగిస్తే వాళ్లకు ఆ వస్తువుల పేర్లు, ఊళ్లు వాటంతట అవే వస్తాయి.

ఏ వస్తువు ఎలా తయారైందో తెలిస్తే దాన్ని ఎక్కడ పెట్టాలో కూడా తెలుస్తుంది. ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. తిరుగుతుండగానే మొగలి ఆకుతో అదిమితే నునుపూ మెరుపూ వస్తాయి. పసుపు, నీలిమందు వంటి చెట్ల రంగులను అక్కడ మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది. వేడికి కరిగే లక్క కాబట్టి దాన్ని పడమటి కిటికీ గట్టు మీదా పొయ్యి పక్కనా పెట్టకూడదు. కొండపల్లి బొమ్మది తేలికైన పొణికి కర్ర. చింతగింజల జిగురు, రంపపుపొట్టు కలిపిన మక్కుతో భాగాలు అతుకుతారు. తడిగుడ్డ తగలనివ్వకూడదు, మెత్తని కుంచెతో దులిపితే చాలు. బీదరు కోట మట్టితో నల్లబడిన బిద్రీ మీద వెండి తీగ మెరవాలంటే వెనక లేతరంగు గోడ, పక్కనుంచి వెలుతురు కావాలి. దాన్ని చింతపండుతో తోమారంటే నలుపు పోతుంది. పెంబర్తి ఇత్తడి వస్తువుల్లో కొన్నిటికి పైన లక్కర్ పూత ఉంటుంది, వాటికీ చింతపండు పనికిరాదు. కలంకారీ సహజ రంగులు నేరుగా పడే ఎండకు వెలిసిపోతాయి.

బజారులో కలంకారీ పేరుతో అమ్ముతున్న కుషన్ కవర్లలో చాలావరకు యంత్రం మీద అచ్చైనవే. గుడ్డ తిప్పి చూస్తే చాలాసార్లు తేలిపోతుంది. శ్రీకాళహస్తి కలం పనిలో రంగు గుడ్డలోకి ఇంకి వెనక కూడా కనిపిస్తుంది, గీత లావూ సన్నమూ అవుతూ చెయ్యి కదలికను చూపిస్తుంది. పెడన అచ్చుపనిలో ఒక అచ్చుకూ ఇంకో అచ్చుకూ కలిసేచోట వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఆ తేడాయే దాని సంతకం. చవకైనది కొనుక్కోవడం తప్పు కాదు, అచ్చు గుడ్డను చేతిపని ధరకు అమ్మడం తప్పు.

గోడల విషయంలో నాకు రెండు గట్టి అభిప్రాయాలున్నాయి. పటాలు మరీ పైన కడుతున్నాం. నిలబడి చూసే చోట పటం మధ్యభాగం నేల నుంచి దాదాపు ఐదడుగుల దగ్గర ఉండాలి, కూర్చుని చూసే చోట ఇంకా కిందికి రావాలి. రెండోది, బుద్ధుడి తల. టీవీ యూనిట్ పక్కన, బాల్కనీ నీటి ధార కింద తలొక్కటే ఉన్న బుద్ధుడు ఇప్పుడు మామూలైపోయాడు. గుళ్ల నుంచీ ఆరామాల నుంచీ పగలగొట్టి అమ్మిన శిల్పాల వల్ల లోకానికి అలవాటైన రూపం అది. అమరావతి, నాగార్జునకొండ ఉన్న నేల మనది. పూర్తి విగ్రహం పెట్టుకుందాం, లేదా పల్నాటి దుర్గి శిల్పుల చేత రాతి పద్మం ఒకటి చెక్కించుకుందాం. పెద్దల ఫొటోలను మాత్రం గదిలోంచి తీసేయకండి. ఒకే రకం ఫ్రేముల్లో, ఒక్కచోట పెడితే ఏ కొత్త ఇంట్లోనైనా ఇమిడిపోతాయి.

చాలా అద్దె ఇళ్లలో గోడకు మేకు కొట్టనివ్వరు. అక్కడ నేల మీద నిలబడే దీపం, రగ్గు, గోడకు ఆనించిన పెద్ద అద్దం, పడక కుర్చీ సరిపోతాయి, ఇల్లు మారితే వెంట వస్తాయి. అమెరికాలోని మనవాళ్ల ఇళ్లలో గోడలూ పైకప్పులూ చెక్క చట్రం మీద కట్టినవి. ఉయ్యాల కొక్కెం పైనున్న దూలానికే పడాలి, పైకి కనిపించే బోర్డుకు కాదు. చలికాలం హీటర్ల పొడిగాలికి మన దేశం నుంచి తీసుకెళ్లిన కర్ర సామాను బీటలు వారుతుంది కాబట్టి వేడిగాలి వచ్చే రంధ్రాలకు దూరంగా ఉంచాలి.

ఇంతవరకు చెప్పినదాంట్లో నాకు అన్నిటికంటే పట్టింపు ఉన్నది ఇప్పుడు చెబుతాను. మన కళలు నిజానికి చిన్నవి కావు. చేర్యాల నకాషీ పటం కథ చెప్పేవాళ్ల కోసం మూడడుగుల వెడల్పున పదుల అడుగుల పొడవు సాగేది. ఆంధ్ర తోలుబొమ్మ రావణుడు నిలువెత్తు మనిషి. షోకేసూ కానుకల వ్యాపారమూ కలిసి వాటిని అరచేతి సైజుకు కుదించేశాయి. చేర్యాల పటం ఇప్పుడు ఏ ఫోర్ కాగితమంత, తోలుబొమ్మ కారు అద్దానికి వేలాడేంత. ‘స్టేట్‌మెంట్ పీస్’ కావాలంటూ విదేశీ పెయింటింగుల ప్రింట్లు కొంటున్న ఇళ్లలో పన్నెండడుగుల ఖాళీ గోడలున్నాయి. ఆ గోడకు సరిపడే పటం గీయగలవాళ్లు సిద్దిపేట జిల్లాలోనే ఉన్నారు. వాళ్లను ఆరడుగుల పటం అడిగేవాళ్లే తక్కువ. ప్రభుత్వ ఎంపోరియాలైన లేపాక్షి, గోల్కొండ దుకాణాల్లో కానుకల అరలతో పాటు ఇంటి కొలతకు ఆర్డరు తీసుకునే బల్ల ఒకటి పెట్టాలి. డిజైనర్లు తమ ప్యాకేజీలో ఒక గోడను కళాకారుడికి వదలాలి. అంకుడు కర్ర లావు తక్కువ కాబట్టి ఏటికొప్పాకలో నిలువెత్తు దీపస్తంభాన్ని ముక్కలుగా తీసి కలపవలసి ఉంటుంది. ఆ కూర్పును వాళ్లతో కలిసి కూర్చుని గీయడానికి యువ డిజైనర్లు ముందుకు రావాలి.

అలాంటి పనికి నెలలు పడతాయి. ఒక దేవుడి కథ కావాలా, ఊరి కులవృత్తుల బొమ్మ కావాలా, ఎరుపు నేపథ్యం మీ సోఫాకు నప్పుతుందా అని మాట్లాడుకోవాలి, అడ్వాన్సు ఇచ్చి ఆగాలి. గృహప్రవేశం రోజు ఆ గోడ ఖాళీగా ఉంటుంది, చుట్టాలు అడుగుతారు. చేర్యాలలో గీస్తున్నారని చెప్పండి. ఎలక్ట్రీషియన్ ఇంట్లో ఉండగానే ఆ గోడకు పైనుంచి ఒక స్పాట్ లైట్ పాయింటు, వడ్రంగి వెళ్లిపోకముందే రెండు గట్టి కొక్కేలు పెట్టించుకోండి.